మూడు బద్దల తెరచాప

బాత్రూములో మనిషి చేయదగిన పనులు చాలా ఉన్నాయి. తెర పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకోవడం వాటిలో లేదు. ఆ ఉదయం చాపలాయన చేస్తున్నది మాత్రం అదే.

"ఏమండీ, ఉన్నారా లోపల?" భార్య తలుపు తట్టింది.

"ఉన్నాను."

"ఉంటే బయటికి రండి. అవతల క్లినిక్కులో జనం నోళ్ళు తెరుచుకుని కూర్చుని ఉంటారు."

ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. ఎంత మొండిఘటం చేతనైనా నోరు తెరిపించగలదని పేరు. ఇంట్లో మాత్రం ఆ పేరు నిలబడలేదు. చాపలాయన నోరు తిండికి తెరుచుకుంటుంది, కబుర్లకు తెరుచుకుంటుంది, అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి తాళం పడిపోతుంది.

చాపలాయన అంటే చాపలు అల్లే ఆయన కాదు. వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు పొరపాటుపడి, నలుగురు పడుకునే చాప ఎంతకిస్తారని అడుగుతుంటారు. ఆయన కుట్టేది తెరచాపలు, అవి కూడా పడవలకు కాదు. విండ్‌సర్ఫింగ్ అని ఒక ఆట ఉంది. మనిషి ఒక పలక మీద నిలబడి, తెరచాపను రెండు చేతులా పట్టుకుని, గాలి తోసిన వైపు కాకుండా తను అనుకున్న వైపు నీళ్ళ మీద పరిగెత్తాలి. సంసారం లాంటిదే. కాకపోతే అందులో పడితే తడవడంతో సరిపోతుంది.

ఆయన పనిచేసే కార్ఖానాలో ఒక ఆచారం ఉంది. తెరచాప ఎవరి కోతతో తయారైతే, వాళ్ళ గుర్తు దాని కింది మూలన బొటనవేలంత కుడతారు. పెద్ద యజమానిది లంగరు. ఇంకొకాయనది తాబేలు. గీసి కోసినవాళ్ళకే గుర్తు, కుట్టినవాళ్ళకు ఉండదు. చాపలాయన జీవితమంతా ఇతరుల లంగర్లూ తాబేళ్ళూ కుడుతూ వచ్చాడు. తాబేలు కాళ్ళు ఆయనలా ఎవరూ కుట్టలేరని పేరు వచ్చింది. అంతకు మించి ఏమీ రాలేదు.

ఒకే ఒక్కసారి, పెళ్ళయిన కొత్తలో, తనే సొంతంగా ఒక తెరచాప గీసి, కోసి, కుట్టాడు. అది బద్దల పిచ్చి నడుస్తున్న కాలం. బద్దలంటే గుడ్డ బిగిసి నిలబడేందుకు తెరచాపలో అడ్డంగా దూర్చే సన్నటి పుల్లలు. ఐదు పెట్టినవాడు పాతకాలం మనిషి, ఏడు పెట్టినవాడు మొనగాడు. చాపలాయన మూడే పెట్టాడు. గాలి వచ్చి కాసేపు కూర్చోవాలని గుడ్డకు కొంచెం పొట్ట కూడా ఉంచాడు.

పెద్ద యజమాని దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది తెరచాపా, ఆరేసిన దుప్పటా?" అన్నాడు. అందరూ నవ్వారు. యజమాని నవ్వుతుంటే ఊరుకోవడం మర్యాద కాదని చాపలాయన కూడా నవ్వాడు.

ఇంటికొచ్చాక మాత్రం ఆ గుడ్డ తీసుకెళ్ళి భార్య ముందు పడేశాడు. "కత్తిరించి ఇంట్లోకి ఏం కావాలో కుట్టుకో. ఇక ఇది నా కంటపడకూడదు," అన్నాడు.

కంటపడకూడదన్నది రోజూ కంటపడసాగింది. వారం తిరక్కుండా బాత్రూములో గులాబీ, చిలకపచ్చ రంగుల తెర వేలాడింది. తర్వాత స్కూటరుకు ముసుగు వచ్చింది, బాల్కనీలో టొమాటో మొక్కలకు నీడ వచ్చింది, అత్తగారికి బజారు సంచి వచ్చింది. చాపలాయన చూశాడు, గుటక మింగాడు. కత్తిరించమన్నది తనే కదా. ఇక ఎవర్ని ఏమని అడుగుతాడు? ఆ గుటక ఏళ్ళ తరబడి గొంతులోనే ఉండిపోయింది.

పెద్ద యజమాని పోయాక కార్ఖానా ఆయన కూతురి చేతికి వచ్చింది. కుదురైన మనిషి, తండ్రిలా ఎగతాళి చేయదు. ఆ వారం మొదట్లో ఆవిడ ఫోను పట్టుకుని చాపలాయన కుట్టుమిషను దగ్గరికి వచ్చింది.

"చూశారా మాస్టారూ? పాతవన్నీ మళ్ళీ వస్తున్నాయి. బద్దలు తగ్గించేస్తున్నారు. మెత్తటి గుడ్డ, కాస్త పొట్ట, కళ్ళు జిగేల్మనే గులాబీ రంగు. ఇన్నాళ్ళూ బూడిద రంగు అట్టల్లాంటివి అమ్మాం. ఇప్పుడు కుర్రకారంతా ఇవే కావాలంటున్నారు."

చాపలాయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఫోనులో, సముద్రం మధ్యలో, ఆరేసిన దుప్పటి దూసుకుపోతోంది.

"ఇలాంటిది నేనెప్పుడో చేశానమ్మా," అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా జారని నోరు ఆ రోజే జారింది.

"నిజంగానా? ఎక్కడుంది?"

"ఇంట్లో ఉంది. భద్రంగా."

"అయితే ఆదివారం వచ్చి చూస్తాను. బాగుంటే ఈ ఏడాది మొదటి తెరచాప మీ కోతతోనే చేద్దాం. కింద మీ గుర్తే వేద్దాం. మీకు గుర్తు ఉందా?"

"ఉంది," అన్నాడాయన. ఆ గుర్తేమిటో లోకంలో ఇంకెవరికీ తెలియదని, భార్యకు కూడా తెలియదని ఆయన నమ్మకం. అది ఆ తెరచాప కింది మూలన కుట్టి ఉంది.

ఆ భద్రంగా ఉన్న తెరచాపలో పెద్ద ముక్క ఇప్పుడు బాత్రూములో నీళ్ళు కారుతూ వేలాడుతోంది. అందుకే ఆ కన్నీళ్ళు.

భార్యతో చెప్పేస్తే సరిపోయేది. కానీ చెప్పాలంటే ఆ రోజు తను ఏడ్చినంత పని చేశాడని చెప్పాలి. ఆ తెర చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమందని చెప్పాలి. అంత చెప్పడం కంటే ముక్కలన్నీ దొంగతనంగా పోగుచేసి మళ్ళీ తెరచాప కుట్టడమే సులువనిపించింది. మగబుద్ధి పక్కదారి పడితే ఎంత కష్టమైనా పడుతుంది.

దొంగతనానికి ఒక సాక్షి ఉంది. అత్తగారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముందుగదిలో దివాను మీదే ఆవిడ కాపురం. ఆ దివానుకు ఒక పొడుగాటి బాలీసు ఉంది. ఇంట్లో ఆవిడ తర్వాత అంత గట్టిది అదే. దానికి ఆనుకుని టీ తాగినప్పుడల్లా చాపలాయన "ఇది దూదా, దుంగా?" అని విసుక్కుంటాడు. మార్చమంటే, "నడుముకి మంచిదండీ," అంటుంది భార్య.

కూతురు పళ్ళ నర్సు కావడం అత్తగారికి పట్టిన శని. తియ్యటి వస్తువేదీ ఆవిడ కంటికి కనపడే వీల్లేదు. చాపలాయన ఆ లోటు కనిపెట్టి, జేబునిండా టాఫీలు తెచ్చాడు.

"అత్తయ్యగారూ, నేను నాలుగు గుడ్డలు అటూ ఇటూ సర్దుతాను. మీ అమ్మాయికి చెప్పొద్దు."

ఆవిడ టాఫీ కాగితం విప్పుతూ, "నేనేం చూశాను అల్లుడుగారూ? నాకసలే చూపానదు," అంది.

భార్య క్లినిక్కుకి వెళ్ళగానే బాత్రూము తెర దిగింది. దాని చోట ఒక పల్చటి ప్లాస్టిక్కు వెలిసింది. సాయంత్రం ఆవిడ దాన్ని చూసింది.

"పాత తెర ఏదండీ?"

"బూజు పట్టింది. తీసేశాను."

"నిన్న రాత్రి లేని బూజు పొద్దున్నకి పట్టిందా?"

"బూజు అంతే. చెప్పి రాదు."

"మా క్లినిక్కులోనూ అందరూ ఇదే అంటారు. నిన్నటిదాకా పన్ను బాగానే ఉందట," అని లోపలికి వెళ్ళిపోయింది. ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం చూసి చాపలాయన తన తెలివికి తనే మురిసిపోయాడు.

మర్నాడు భార్య క్లినిక్కు బయట స్కూటరుకు కప్పుకునే ముసుగు మాయమై దాని చోట ఒక పాత దుప్పటి వచ్చింది. ఆ మధ్యాహ్నమే వాన కురిసింది. దుప్పటి తాగగలిగినంత తాగి మిగిలింది సీటుకు ఇచ్చింది. భార్య తడిసిన బట్టలతో ఇంటికొచ్చి, ముక్కు తుడుచుకుంటూ భర్త వైపు చాలాసేపు చూసింది. ఆ చూపుకు ఎంతటివాడైనా నోరు తెరవాలి. చాపలాయన రెండు పెదవులూ బిగించి పేపరు చదివాడు. పేపరు తలకిందులుగా ఉంది.

ఆపై బాల్కనీలో నీడ పోయింది. టొమాటో మొక్కలు వాటికి ఊతంగా పాతిన ఆకుపచ్చ పుల్లల మీదికి ఒరిగి వాడిపోయాయి. చాపలాయన ఆ పుల్లలకు మొక్కల్ని మళ్ళీ కట్టి, క్షమించమన్నట్టు రెండు చెంబుల నీళ్ళు ఎక్కువ పోశాడు.

ఇక మిగిలింది అత్తగారి సంచి. దానికి టాఫీల రేటు పెరిగింది. సంచి కుట్లు ఆయన ఊడదీస్తుండగా అత్తగారు గట్టి టాఫీ ఒకటి కొరికింది. కొరికిన నోరు విడిపోయింది గానీ టాఫీ విడిపోలేదు. పై కట్టుడుపళ్ళన్నీ దాంతోపాటే చేతిలోకి వచ్చేశాయి.

సరిగ్గా అప్పుడే భార్య గుమ్మంలో నిలబడింది.

ఆవిడ తల్లి చేతిలో పళ్ళను చూసింది, పళ్ళలో టాఫీని చూసింది, భర్త చేతిలో సగం ఊడిన సంచిని చూసింది.

"అమ్మా, ఈ టాఫీ ఎవరిచ్చారు?"

పళ్ళు లేని నోటితో అత్తగారు ఏదో చెప్పింది. ఏ భాషకూ చెందని ఆ జవాబును చాపలాయన తనకు అనుకూలంగా తీసుకున్నాడు.

"సంచి చిరిగితే కుడుతున్నాను," అన్నాడు.

"కుట్టేవాళ్ళు కుట్లు ఊడదీస్తారా?"

"ముందు ఊడదీయకుండా బాగుచేయడం ఎలా?"

"అదీ నిజమే," అని ఆవిడ పళ్ళకట్టు కడగడానికి వెళ్ళింది. అంత తేలిగ్గా వదిలేసిందంటే అనుమానించవలసింది. ఆయన అనుమానించలేదు.

మధ్యాహ్నాలు సెలవు పెట్టి, వెనకగదిలో మిషను ముందు కూర్చుని, ముక్కకు ముక్క జోడించాడు. ప్రతి ముక్క అంచునా తన కుట్టే కనిపించింది. సన్నటి, వంకర లేని, ముడి కనపడని కుట్టు. అది చూసినప్పుడల్లా ఆయనకు ధైర్యం వచ్చింది. ఒక్క మూల మాత్రం దొరకలేదు. గుర్తు ఉండే కింది మూల. ఇల్లంతా వెతికాడు. చివరికి ఆ గుర్తు ఏమిటో నోటితోనే చెప్పుకుందామని సరిపెట్టుకున్నాడు.

ఆదివారం వచ్చింది. భార్య వంటింట్లో ఉండగా చాపలాయన తెరచాపను ముందుగది నేల మీద పరిచాడు. గది ఆ చివరినుంచి ఈ చివరిదాకా గులాబీ, చిలకపచ్చ. ఆయన రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. అలా చూస్తూ నిలబడిపోయాడు.

పొట్ట లేదు.

వంగి అంచుల్ని తడిమాడు. కోత తిన్నగా ఉంది. ఇస్త్రీ పెట్టె కింద అణిగిన బద్దల జాడలు లెక్కపెట్టాడు. ఏడు. తను మూడే పెట్టాననుకున్నాడు. ఇన్నేళ్ళూ మనసులో చూసుకుంటూ వచ్చిన తెరచాప ఇది కాదు. ఇది పలకలా ఉంది. అందరూ చేసేలాంటిదే, ఇంకా కొంచెం అధ్వాన్నం.

తన కుట్టు అబద్ధమాడదు. అంటే అబద్ధమాడింది తన జ్ఞాపకమే. పెద్ద యజమాని అన్నది నిజమే కాబోలు. ఒక మామూలు గుడ్డ కోసం ఇన్నేళ్ళు లోపల్లోపల దుఃఖపడ్డానన్నమాట. చాపలాయన దివాను మీద అత్తగారి పక్కన కూలబడి బాలీసుకు ఆనుకున్నాడు. ఈసారి దాన్ని తిట్టాలని కూడా తోచలేదు.

"టాఫీ ఉందా?" అని అత్తగారు మెల్లిగా అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

అప్పుడే యజమానురాలు వచ్చింది. చెప్పులు బయట విడిచి, నేల మీదున్న తెరచాప చుట్టూ ఒకసారి తిరిగింది. ముఖంలో ఏమీ కనపడలేదు.

"ఇదేనా మాస్టారూ?"

"ఇదేనమ్మా," అన్నాడు. ఆ మాట ఎవరో అన్నట్టు వినిపించింది ఆయనకు.

"కుట్టు మీదే. చూడగానే తెలుస్తోంది. కానీ కోత…" ఆవిడ ఆగింది. "ఒక మూల లేదేంటి?"

చాపలాయన ఏదో చెప్పబోయేలోగా, కొత్త మనిషిని సరిగ్గా చూద్దామని అత్తగారు ఒళ్ళోంచి కళ్ళజోడు సంచి తీసింది. చిన్న గులాబీ రంగు సంచి. దాని మీద బొటనవేలంత లంగరు.

యజమానురాలు దాన్ని చూసింది. చాపలాయన కూడా చూశాడు.

"మాస్టారూ," అంది ఆవిడ మెల్లగా, "ఇది నాన్నగారి తెరచాప."

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తిట్టలేదు, చిన్నబుచ్చుకుంది. తన తండ్రి పనిని తన పని అని చూపించిన దొంగగా చాపలాయన ఆ గదిలో మిగిలాడు. నాది కూడా ఒకటి ఉండేదమ్మా అని చెప్పాలనిపించింది. ఉండేదని ఇప్పుడు తనకే నమ్మకం లేదు. తల వంచుకున్నాడు.

భార్య టీ కప్పులతో వచ్చి, వాటిని బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుంది.

"అమ్మా, కాస్త లే. మీరూ లేవండి," అంది.

బాలీసును ఒళ్ళోకి తీసుకుని, ఒక చివర గలీబు కుట్లు కత్తెరతో తెంపింది. పైన రెండు వేళ్ళ మందాన దూది. ఆ దూది లోపల గట్టిగా చుట్టిన గుడ్డచుట్ట. ఆవిడ దాన్ని నేల మీద పెట్టి పాదంతో నెమ్మదిగా దొర్లించింది. లంగరు తెరచాప మీదుగా ఇంకో తెరచాప విచ్చుకుంటూ పోయింది. అదే గులాబీ, అదే చిలకపచ్చ. ఒక్క మడత లేదు, ఒక్క పగులు లేదు. కిటికీ తెరిచి ఉంది. లోపలికి వచ్చిన గాలి ఆ గుడ్డ మధ్యలో కూర్చుని దాన్ని కొంచెం పైకి లేపింది.

పొట్ట ఉంది.

"మడిస్తే పగులుతుందని మీరే చెప్పేవారుగా. అందుకని చుట్టాను," అంది భార్య. "మూడు బద్దలూ మాత్రం టొమాటో మొక్కల దగ్గరున్నాయి. మీరు గుర్తుపట్టకుండా రంగు వేశాను."

చాపలాయన నోరు తెరుచుకుంది.

"మరి… ఆ తెరలు? ముసుగు?"

"పెద్ద యజమాని దగ్గరికెళ్ళి, చిరిగిన తెరచాప ఏదైనా ఉంటే ఇవ్వండి, ఇంట్లోకి కావాలి అన్నాను. అప్పట్లో మీరు అందరికీ కుట్టింది అదే రంగుల తానుతోనేగా. ఆయన తనదే ఒకటి ఇచ్చారు. దాన్ని కత్తిరించాను. ఆ రోజు నేను కత్తిరించనంటే మీరే కత్తిరించేసేవారు. కోపంలో ఉన్నవాడి చేతికి కత్తెర ఇస్తారా ఎవరైనా?"

యజమానురాలు అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుంది. అంచు వంపు మీద వేలు పెట్టి, పై నుంచి కిందిదాకా చాలా నెమ్మదిగా జరిపింది. "ఆరేసిన దుప్పటని నాన్న చెప్పి నవ్వేవారు, అది ఇదేనా?" అంది. వేలు కింది మూలకు వచ్చి ఆగింది.

"ఇదేంటి మాస్టారూ? తెరచాప మీద పన్నా?"

రెండు వేర్లు ఉన్న చిన్న దంతం. తెల్ల దారంతో కుట్టింది.

చాపలాయన చెవులదాకా ఎర్రబడ్డాడు. నేల చూశాడు, కిటికీ చూశాడు, అత్తగారిని చూశాడు. ఎక్కడా సాయం దొరకలేదు.

"చెప్పండి," అంది భార్య. "కత్తెర తీసుకున్న రోజు నేనూ దాన్ని చూశాను. దాన్ని చూశాకే చెయ్యి రాలేదు. ఎందుకు కుట్టారో మీ నోటితో వినాలని అప్పట్నుంచీ చూస్తున్నాను." తర్వాత క్లినిక్కు గొంతుతో, "నోరు తెరవండి," అంది.

ఆ గొంతుకు లొంగని మనిషి లేడు.

"నువ్వు అప్పుడే ఉద్యోగంలో చేరావు," అన్నాడు భార్య వైపు చూడకుండా. "మొదటిరోజు ఇంటికొచ్చి, ఎవరో చంటిపిల్ల ఏడవకుండా పన్ను తీయించుకుందని చెప్పి ఒకటే నవ్వావు. ఆ నవ్వు నాకు చాలా నచ్చింది. దాన్నే గుర్తుగా పెట్టుకుందామనుకున్నాను. నవ్వు కుట్టడం చేతకాలేదు. పన్నయితే సులువు."

భార్య ముట్టి చూడకుండానే టీ చల్లారిపోయిందని కప్పులన్నీ తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కొళాయి చాలాసేపు పారుతూనే ఉంది.

యజమానురాలు తెరచాపను తనే చుట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "రేపే మొదలుపెడదాం. ఆ పన్ను ఎవరిచేతా కుట్టించకండి మాస్టారూ, మీరే కుట్టండి," అని చెప్పి వెళ్ళింది.

చాపలాయన మళ్ళీ దివాను మీద కూర్చుని అత్తగారి వైపు తిరిగాడు. "మీకు ముందునుంచీ తెలుసా?"

"దాన్ని బాలీసులో పెట్టి కుట్టింది నేనేగా."

"మరి నా టాఫీలెందుకు తిన్నారు?"

"మీరివ్వకపోయినా చెప్పేదాన్ని కాదు అల్లుడుగారూ. ఇస్తుంటే వద్దనడం మర్యాద కాదుగా."

వంటింట్లోంచి భార్య వచ్చింది. కళ్ళు కాస్త ఎర్రగా ఉన్నాయి. చేతిలో కత్తెర ఉంది. దాన్ని భర్త ఒళ్ళో పెట్టింది.

"సాయంత్రానికల్లా ఆ లంగరు తెరచాప మళ్ళీ బాత్రూము తెర కావాలి. స్కూటరు ముసుగు కావాలి, మొక్కలకు నీడ కావాలి, అమ్మ సంచి కావాలి. మళ్ళీ వాన వచ్చేలా ఉంది."

వారమంతా ఎవరికీ తెలియకుండా జోడించిన కుట్లను ఆయన ఒక్కొక్కటిగా, అందరూ చూస్తుండగా తెంపడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి అడిగాడు. "నేను అప్పుడే అడిగి ఉంటే ఇచ్చేదానివా?"

"ఆ నిమిషమే ఇచ్చేదాన్ని."

"నువ్వే చెప్పొచ్చుగా మరి?"

"నోరు తెరవనివాళ్ళ పన్ను మేం చూడమండీ."

చాపలాయన నిట్టూర్చి, అలవాటు కొద్దీ వెనక్కి ఆనుకున్నాడు. బాలీసు లేదు. తల వెళ్ళి గోడకు తగిలింది. అత్తగారు పళ్ళకట్టు జారేటట్టు నవ్వింది.

"ఇప్పుడు నేను దేనికి ఆనుకోవాలి?" అన్నాడు తల తడుముకుంటూ.

భార్య వచ్చి దివాను మీద ఆయన వీపుకు తన వీపు ఆనించి కూర్చుంది. "దీనికి ఆనుకోండి. దుంగ అన్నారంటే మాత్రం లేచి వెళ్ళిపోతాను," అంది.

నిజం చెప్పాలంటే కాస్త గట్టిగానే ఉంది. చాపలాయన ఆ సంగతి మాత్రం నోరు తెరిచి చెప్పలేదు.